తెల్ల ఉండ

మా అపార్ట్‌మెంట్లో నాలుగైదేళ్ళుగా హాలోవీన్ చేస్తున్నారు. దీపావళికి టపాకాయలు కాల్చొద్దని నోటీసులంటించే కమిటీయే దీనికి గుమ్మడికాయలు తెప్పించి లిఫ్టుల పక్కన పెడుతుంది. పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి చాక్లెట్లు పోగుచేసుకుంటారు. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి, ఏ నోటీసైనా ముందు నా దగ్గరికి తెచ్చి తప్పులు దిద్దించుకోవడం సెక్రటరీ గారికి అలవాటు. ఈసారి తెచ్చిన కాగితం మీద ‘పిల్లల భద్రత’ అని పెద్దక్షరాలతో ఉంది. ముక్కూమొహం తెలియని వాళ్ళిచ్చినవి తినకూడదట. వాచ్‌మన్లు, తోటమాలులు, పనివాళ్ళు ఇచ్చే తినుబండారాలు అసలు ముట్టుకోకూడదట. నేను ఆ రెండో వాక్యాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. కింద ఇంకో మూడు రాశాను: పిల్లలు తిరిగే ఆ రెండు గంటలూ సెల్లార్లోంచి ఎవరూ కార్లు తీయకండి, జీరాడే బట్టలతో పిల్లల్ని కొవ్వొత్తుల దగ్గరికి పోనివ్వకండి, అన్నిటికంటే ముందు మీ ఇంట్లో అల్మరాలూ సొరుగులూ ఒకసారి చూసుకోండి.

సెక్రటరీ గారు అది చదివి నవ్వారు. “మీరు మరీనండీ మేడమ్! భయం బయటి వాళ్ళతో గానీ మన అల్మరాల్లో ఏముంటుంది?” అన్నారు. మర్నాడు లిఫ్టులో నోటీసు చూస్తే నా మూడు వాక్యాలూ లేవు. నేను కొట్టేసిన వాక్యం మాత్రం ఇంకాస్త లావు అక్షరాలతో కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి కూర్చున్నా మంట చల్లారలేదు. ఆలోచిస్తే ఆ కోపం పాపం సెక్రటరీ గారి మీద కాదు. పోయినేడు కాలం చేసిన మా నాన్న మీద.

నా చిన్నతనంలో కొన్నేళ్ళు మేం ఖతర్‌లో ఉన్నాం. ఇప్పుడు మెసయీద్ అంటున్న ఊరిని అప్పట్లో మావాళ్ళు ఉమ్ సయీద్ అనేవాళ్ళు. చమురు డబ్బు కొత్తగా వచ్చిపడుతున్న రోజులు. స్కూలు బస్సు కిటికీలోంచి చూస్తే నెలకో కొత్త పొగగొట్టం లేస్తూ ఉండేది. నాన్న ఫ్యాక్టరీలు కట్టే ఒక కంపెనీలో ఇంజనీరు. కాకినాడలో రెండు గదుల వాటాలో ఉండి వచ్చిన మాకు, కంపెనీ ఉద్యోగులుండే కాంపౌండులో ప్రతి గదికీ ఏసీ ఉన్న ఇల్లిచ్చారు. కాంపౌండులో ఎక్కువమంది ఇంగ్లీషు వాళ్ళు, తర్వాత మలయాళీలు, పాకిస్తానీలు, తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. గాలి ఎరువుల ఫ్యాక్టరీ వైపునుంచి మళ్ళిందంటే ముక్కు పుటాలు మండేవి. అమ్మ తువ్వాళ్ళు తడిపి కిటికీ సందుల్లో కుక్కి, ఆ పైన సాంబ్రాణి వేసేది. దాంతో మా ఇంట్లో సాంబ్రాణీ, పులుసూ, ఏసీ చెమ్మా కలిసిన ఒక వాసన ఉండేది. ఎవరింటికి వెళ్ళొచ్చినా తలుపు తీయగానే ఆ వాసన తగిలితే ఇల్లు చేరామనిపించేది.

అన్నిటికీ అడుగున ఇంకో వాసన ఉండేది. అది కలరా ఉండలది. పట్టుచీరల పెట్టెలో, నాన్న పంచెల మడతల్లో, పరుపుల కింద, ఎక్కడ పడితే అక్కడ అమ్మ ఆ తెల్లటి గోళీలు వేసేది. ఆ ఎండకి అక్కడ ఈగలే బతకడం కష్టం, ఇక చీరలు కొట్టే పురుగులెక్కడివి? అయినా మా అమ్మమ్మ వేసేది కాబట్టి అమ్మా వేసేది. సెలవులకు కాకినాడ వెళ్ళినప్పుడల్లా ఆవకాయ జాడీలతో పాటు ఒక కాగితం పొట్లం నిండా అవి కూడా తెచ్చుకునేది. మా ఇంట్లో గుండ్రంగా ఉన్న ప్రతిదీ ఉండే. కొబ్బరి ఉండ, సున్నుండ, కలరా ఉండ. నాలుగేళ్ళ మా తమ్ముడు బుజ్జికి వాటిలో ఏది తినేదో ఏది కాదో చెప్పాలని ఎవరికీ తోచలేదు.

నాన్న తక్కువ మాట్లాడే మనిషి. డ్యూటీ నుంచి రాగానే చేతులు డెట్టాలుతో కడుక్కుని, బుజ్జిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాత హిందూ పేపరు చదివేవారు. నాతో చదువు సంగతి తప్ప వేరే మాట ఉండేది కాదు. పదేళ్ళొచ్చిన ఆడపిల్లతో తండ్రి ఏం మాట్లాడతాడని ఆయన అభిప్రాయం కాబోలు. ఆయనకు కాగితాలంటే భక్తి. కుళాయి కారుతోందని ఆఫీసుకు రాసినా కింద కార్బన్ పెట్టి కాపీ తీసి ఫైల్లో పెట్టుకునేవారు. ఇంటికొచ్చిన ఇంగ్లీషు వాళ్ళు ఆ ఫైళ్ళు చూసి మెచ్చుకుంటే నాకు మహా గర్వంగా ఉండేది. నాన్న తప్పు చేస్తారని ఎవరైనా అంటే వాళ్ళతో నేను జన్మలో మాట్లాడి ఉండేదాన్ని కాదు.

కాంపౌండులో మొక్కలకు నీళ్ళు పెట్టేవాడు గంగారాం. కరీంనగర్ జిల్లా, కోరుట్ల దగ్గర పల్లె. అప్పటికి పాతికేళ్ళు ఉంటాయేమో. కూలీల క్యాంపు నుంచి పొద్దున్నే లారీలో వచ్చి దిగి, ఉప్పునేలలో బతకనని మొరాయించే గన్నేరు చెట్లను బతిమాలుతూ రోజంతా గడిపేవాడు. ఆ ఎడారిలో తెలుగు వినిపించిందని మా అమ్మ మొదటిరోజే అతన్ని పిలిచి కాఫీ ఇచ్చింది. నన్ను బిడ్డా అనేవాడు. బుజ్జిని పటేలా అనేవాడు. “ఏం పటేలా, యాడికి వోతున్నవ్?” అంటే బుజ్జి నడుం మీద చెయ్యి వేసుకుని “డ్యూటీకి” అనేవాడు. ఇద్దరికీ రోజూ అదే ఆట. గంగారాం మాటలు కొన్ని మాకు అర్థమయ్యేవి కావు, మావి కొన్ని అతనికి అర్థమయ్యేవి కావు. అమ్మ “కాస్త ఆగు” అంటే అతను “కాస్త అంటె ఏంది, ఎంతసేపు?” అని నిలబడిపోయేవాడు.

ఆ ఏడు అక్టోబరులో ఎదురింటి ఇంగ్లీషావిడ ప్రతి ఇంటికీ ఒక కాగితం పంచింది. చివరి రోజు సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని ఇళ్ళకు వస్తారు, మిఠాయిలు సిద్ధంగా ఉంచండి అని. అమ్మకు ఆ పండగేమిటో అర్థం కాలేదు. “దయ్యాల వేషమేమిటి, అడుక్కోవడమేమిటి, శుభమా అని” అని నసిగింది. గంగారాంకి మాత్రం వెంటనే అర్థమైంది. “మా కాడ హోలీకి జాజిరి పాడుకుంట పోరగాండ్లు ఇంటింటికి తిరుగుతరమ్మా. గిదీ గట్లనే. తిరగనియ్యి” అన్నాడు. అమ్మ ఒప్పుకుందనగా వెనక వీధి మలయాళీ ఆంటీ వచ్చి పిడుగులాంటి మాట చెప్పింది. వాళ్ళ దేశాల్లో ఎవరో ఆపిల్ పండ్లలో బ్లేడు ముక్కలు పెట్టారట, చాక్లెట్లలో విషం కలిపారట, పిల్లలు చచ్చిపోయారట. ఎక్కడ, ఎవరి పిల్లలు అని అడిగితే ఆమెకు తెలియదు, ఆమెకు ఇంకెవరో చెప్పారు. పెద్దయ్యాక నేను ఎంతమందిని అడిగానో! అందరికీ ఇంకెవరో చెప్పారే గానీ, ముక్కూమొహం తెలియని మనిషి మిఠాయిలో విషం కలిపితే మా పిల్లవాడు తిన్నాడు అన్నవాళ్ళు ఒక్కరూ తగల్లేదు. కారు వెనక్కి తీస్తూ పిల్లల్ని గుద్దినవాళ్ళు తగిలారు. ఇంట్లో మందుబిళ్ళలు మింగేసిన పిల్లల్ని ఆసుపత్రికి మోసినవాళ్ళు తగిలారు. మా ఇంట్లో ఆ మాటకు నాన్నే తీర్పు చెప్పారు. పిల్లలు వెళ్ళొచ్చు, కానీ తెచ్చినవన్నీ తను చూశాకే తినాలి.

ఆ సాయంత్రం బుజ్జికి వేషం వేసే పని నాది. తెల్లగుడ్డ కప్పితే దయ్యమైపోతుందని పెట్టె అడుగునుంచి నాన్న పాత పంచె లాగాను. మడతలోంచి రెండు కలరా ఉండలు జారి గచ్చు మీద దొర్లాయి. “అక్కా, ఉండ!” అంటూ వాడు ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. “ఛీ, ఉమ్మెయ్” అన్నాను. అప్పుడే కాలింగ్‌బెల్ మోగింది. నా స్నేహితురాలు మంత్రగత్తె టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆ టోపీ చూడటానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి వాడి నోరు ఖాళీగానే ఉంది. గచ్చు మీద ఒక్క ఉండే ఉంది. ఉమ్మేసింది ఎక్కడ పడిందా అని వెతకలేదు. పంచెకి కళ్ళ దగ్గర చిల్లులు చేసే తొందరలో ఉన్నాను.

బయట ఇంకా వెలుగుంది. నీళ్ళ ట్యాంకర్లూ పికప్‌లూ డ్యూటీలు దిగి కాంపౌండులోకి వచ్చే వేళ అది. పంచెలూ దుప్పట్లూ కప్పుకుని ముందేమీ కనపడని పాతికమంది పిల్లలం రోడ్డు మీద పడ్డాం. ఆ సంగతి ఆలోచించిన పెద్దమనిషి కాంపౌండు మొత్తంలో ఒక్కడు, గంగారాం. అతని డ్యూటీ అయిపోయింది. లారీ ఎక్కకుండా ఆగిపోయి, మలుపు దగ్గర ఒక ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. బండి వస్తే గుడ్డ ఊపుతూ రోడ్డుకి అడ్డం వచ్చేవాడు, మమ్మల్ని “యల్లా, యల్లా, ఉరుకుండ్రి” అని దాటించేవాడు. ఒక ఇంగ్లీషు పిల్ల ట్యాంకరు వెనక్కి పోతుంటే వేసుకున్న నల్ల గౌను కొసలు పట్టి ఇవతలికి లాగాడు కూడా. ఆ తల్లి అతనికి థాంక్స్ చెప్పింది. మేం ఇళ్ళకు మళ్ళే వేళకు అతను జేబులోంచి కాగితం ముక్కల్లో చుట్టినవి తీసి తలా ఒకటి ఇచ్చాడు. బతుకమ్మ పండక్కి క్యాంపులో రూమ్మేట్లంతా కలిసి కట్టుకున్న నువ్వుల ముద్దలు. అక్కడ బెల్లం దొరక్క చక్కెరతో కట్టారట, తెల్లగా ఉన్నాయి.

ఇంట్లో నాన్న ట్యూబులైటు కింద పేపరు పరిచి కూర్చున్నారు. చాక్లెట్లన్నీ పోయించి ఒక్కొక్క కాగితం విప్పి చూశారు. ఆపిల్ పండ్లను నాలుగేసి ముక్కలుగా కోశారు. రెండు చాక్లెట్లు కాగితం కాస్త చిరిగిందని చెత్తలో పారేశారు. నువ్వుల ముద్దల దగ్గరకొచ్చేసరికి అమ్మ “అవి గంగారాం ఇచ్చినవి, తిననివ్వండి, మనవాడే కదా” అంది. బుజ్జి ఒకటి తిన్నాడు, నేనొకటి తిన్నాను. అమ్మా సగం ముక్క నోట్లో వేసుకుంది.

మూడో రోజు పొద్దున బుజ్జి లేవలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది, కళ్ళు పచ్చబడ్డాయి, ఒంటేలు టీ డికాషన్ రంగులో పోశాడు. నాన్న దోహా ఆసుపత్రికి కారు తోలిన తీరు ఇప్పటికీ నా వెన్నులో ఉంది. రక్తం విరిగిపోతోంది, పడనిది ఏదో తిన్నాడు అన్నాడు సూడాన్ డాక్టరు. ఏం తిన్నాడో కనుక్కోమన్నాడు. నాన్న వంగి అడిగితే బుజ్జి కళ్ళు తెరవకుండానే “తెల్ల ఉండ” అన్నాడు. అమ్మ నోటివెంట వెంటనే “గంగారాం!” అని వచ్చింది. నాన్న డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పారు, తోటవాడు ఇచ్చిన తెల్ల మిఠాయి అని. అక్కణ్ణుంచే ఆఫీసుకు ఫోన్ చేసి అదే చెప్పారు. మొన్న ‘మనవాడే’ అన్న మా అమ్మ ఆ బెంచీ మీద కూర్చుని “ఎవడో కూలివాడు, ఏం నీళ్ళతో కలిపాడో, ఏం చేతులో” అని ఏడ్చింది.

నాకు రాత్రంతా గచ్చు మీద మిగిలిన ఆ ఒక్క ఉండే గుర్తొస్తూ ఉంది. మర్నాడు పొద్దున ఆసుపత్రి వరండాలో నాన్న ఒక్కరే ఉండటం చూసి వెళ్ళి అంతా చెప్పాను. పంచె సంగతి, కలరా ఉండ సంగతి, నేను వెతకకపోవడం. కొడతారనుకున్నాను. కొట్టలేదు. నా మొహంలోకి చూసి “ఇంకెవరికైనా చెప్పావా?” అన్నారు. లేదన్నాను. గబగబా లోపలికి వెళ్ళి డాక్టరుతో మాట్లాడారు. అద్దం తలుపులోంచి డాక్టరు తల ఊపడం, ఏదో రాసుకోవడం కనపడింది. తిరిగొచ్చి నా తల మీద చెయ్యి వేశారు. “నేను చెప్పాను. ఇక నువ్వెవరికీ చెప్పకు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి” అన్నారు. నాన్న నాతో అంత దగ్గరగా మాట్లాడటం అదే మొదటిసారి. తప్పు చెప్పుకున్నాను, అంతా సర్దుకుంది అనుకుని ఆ పూట ఆకలేసి ఇడ్లీలు తిన్నాను.

బుజ్జికి రక్తం ఎక్కించారు. నన్ను ఇంటికి పంపించి పక్కింట్లో ఉంచారు, మర్నాటి నుంచి స్కూలుకు పొమ్మన్నారు. గంగారాంని పనిలోంచి ఆపేశారు, చేతిలో నీళ్ళ గొట్టం లేదు. కాంపౌండు గేటు బయట అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి “బిడ్డా, పటేల్ ఎట్లున్నడు?” అన్నాడు. బాగున్నాడన్నాను. “నేను నువ్వులు, చక్కెర తప్ప ఏం గలపలే బిడ్డా. మా రూముల అందరం గవ్వే తిన్నం” అన్నాడు. సాయంత్రం బస్సు దిగినా అక్కడే ఉన్నాడు, మర్నాడూ అక్కడే, ఆ మర్నాడూ అక్కడే. నాన్న చెప్పేశారు, రేపో ఎల్లుండో ఇతనికి కబురొస్తుంది అని నాలో నేను నవ్వుకుంటూ లోపలికి వెళ్ళేదాన్ని. నాలుగో రోజు బుజ్జి ఇంటికొచ్చాడు. ఆ పై వారం అరుగు మీద ఎవరూ లేరు. గంగారాం ఏడని అడిగితే నాన్న పేపరు దించకుండా “వాళ్ళావిడకు ఒంట్లో బాగాలేదట, ఊరికి వెళ్ళాడు” అన్నారు.

ఆ మాటను నేను దాదాపు యాభై ఏళ్ళు నమ్మాను. బుజ్జి పెద్దవాడై విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నాడు, వాడికి ఆ ఆసుపత్రి కూడా గుర్తు లేదు. పోయినేడు నాన్న పోయాక ఆయన ఫైళ్ళు సర్దుతుంటే ఆ కార్బన్ కాపీ కనపడింది. కాంపౌండు ఆఫీసుకు రాసిన ఫిర్యాదు. తోటపని చేసే ఫలానా గంగారాం, తండ్రి పేరు, ఊరు పేరుతో సహా, నా కొడుక్కి తినకూడని మిఠాయి పెట్టాడు, ఇటువంటి వాణ్ణి పిల్లలున్న చోట ఉంచడం క్షేమం కాదు, వెంటనే వీసా క్యాన్సిల్ చేసి పంపించవలసింది అని. మొదటి వాక్యం ‘నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నా కుమారుడు’ అని మొదలవుతుంది. అంటే నేను వరండాలో నిలబడి నిజం చెప్పిన తర్వాత. నేను చెప్పింది డాక్టరుకు చెప్పి కొడుకుని దక్కించుకున్నారు. ఆఫీసుకు మాత్రం తీరిగ్గా కూర్చుని, కింద కార్బన్ పెట్టుకుని మరీ అబద్ధం రాశారు. ఆ కాగితం పట్టుకుని నేను ఏడవలేదు. ఆయన ఫొటోకి వేసిన దండ తీసి పక్కన పెట్టాను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది గానీ జ్ఞాపకం చెక్కు చెదరలేదు. కాగితం చూపించి “నీకు తెలుసా?” అని అడిగాను.

“తెలుసు” అంది.

“తెలిసి ఊరుకున్నావా?”

“ఏం చేయమంటావే? అప్పటికే ఫోన్లో గంగారామని చెప్పేశారాయె. మళ్ళీ వెళ్ళి కాదు, మా ఇంట్లోనే తిన్నాడంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇంగ్లీషు వాళ్ళంతా నవ్వరూ? పిల్లాణ్ణి చూసుకోలేని తల్లి అని నన్ననరూ?” గొంతు తగ్గించి అంది, “అయినా నీ కోసమేనే. నువ్వు చూసి కూడా ఊరుకున్నావని బయటపడకూడదని.”

నా కోసమట! ఇన్నేళ్ళ తర్వాత ఆ పాపాన్ని మడత పెట్టి నా ఒళ్ళోనే పెట్టింది. నేను అడిగానా? నేను చెప్పాను కదా, పదేళ్ళ పిల్లని, దెబ్బలకు సిద్ధపడి మరీ చెప్పాను కదా? వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. తర్వాత అన్నం పెట్టాలి కాబట్టి మాట్లాడాను.

కాగితం మీద ఊరి పేరు ఉంది కనుక వెళ్ళడం కష్టం కాలేదు. కోరుట్లలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని, ఊళ్ళో గంగారాం ఇల్లని అడిగితే “దుబాయ్ గంగారామా?” అన్నారు. ఖతర్ అని చెప్పబోయి మానుకున్నాను. మూడేళ్ళు చేసి వచ్చి మళ్ళీ వెళ్ళని మనిషికి ఆ పేరు ఇంకా అతుక్కునే ఉంది. రేకుల వసారాలో ఆయన భార్య బీడీలు చుడుతోంది, ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పళ్ళు లేవు. నేను ఫలానా సారు కూతుర్నని చెప్పగానే కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, మొట్టమొదట అడిగిన మాట, “పటేల్ మంచిగున్నడా బిడ్డా?”

బాగున్నాడు, ఇద్దరు పిల్లలు అన్నాను. రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. “గా దినం సంది గదే ఫికరు. నువ్వులల్ల ఏమన్న పడ్డదో, చక్కెర డబ్బల ఏమన్న ఉండెనో. మేమందరం తిన్నం, మాకేం గాలే. పసిపిల్లగాడు గద, వానికి పడలేదు గావచ్చు అనుకున్న.”

“మళ్ళ దుబాయ్ పొమ్మన్నా పోలే” అంది ఆయన భార్య. “బతుకమ్మకు ముద్దలు గడితె మనుమండ్లకు గూడ పెట్టడు. తన చెయ్యి మంచిది గాదంటడు.”

“ఏ మొకం వెట్టుకొని పోవాలె?” అన్నాడాయన. “పిలగానికి ఇసం వెట్టినోడని క్యాంపుల అందరికి ఎర్కాయె. గని మీ బాపు మంచోడు బిడ్డా. పోలీసోళ్ళకు పట్టియ్యలే. నన్ను బండెక్కిచ్చే దినం గేటు కాడికొచ్చి చెయ్యి గలిపిండు.”

చెయ్యి కలిపారట. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు. ఇక అక్కడ తియ్యగా చుట్టి చెప్పడానికి నా నోరు రాలేదు. అది మీ ముద్ద కాదు, మా ఇంట్లో కలరా ఉండ తిన్నాడు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. బట్టల్లో వేస్తారే, తెల్లగా, గుండ్రంగా, వాసనొస్తుంది అన్నాను. “డాంబర్ గోలి” అంది భార్య. “డాంబర్ గోలీనా?” అన్నాడాయన, నమ్మలేనట్టు. మావాడు ఆసుపత్రిలో ‘ఉండ’ అనకుండా ఆ మాట అని ఉంటే చాలు, ఈ మనిషి బతుకు ఇంకోలా ఉండేది. ఆయన వైపు తిరిగి చెప్పాల్సిందంతా చెప్పాను.

“సారుకు ఎర్కేనా?” అన్నాడు చివరికి.

“తెలుసు. మీరు గేటు దగ్గర నాకు కనపడక ముందే నేను చెప్పాను.”

“గాని నోట్ల మన్నువడ!” అని ఆయన భార్య బీడీల చాట పక్కకు తోసేసింది. మా నాన్నని అలా తిట్టినా నాకు కోపం రాలేదు. ఆయన మాత్రం “ఊకో” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అడిగాడు.

“మరి నాకెందుకు చెప్పలే బిడ్డా? మూడు దినాలు గేటు కాడనే కూసుంటిగద. పొద్దుగాల బస్సెక్కంగ, మాపటికి దిగంగ నాతోని మాట్లాడ్తివి గద. నాకు చెప్తె నేను పొయ్యి చెప్పుకుందును గద.”

చిన్నపిల్లని, భయపడ్డాను అని చెప్పవచ్చు. ఎవరైనా నమ్ముతారు, ఆయనా నమ్మేవాడు. కానీ నాకు ఆ మూడు రోజులూ భయం లేదు. అబద్ధాలు చాలని, ఉన్నదే చెప్పాను. “మా నాన్న నాతో ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. ఎవరికీ చెప్పకు, ఇది మనిద్దరి మధ్యే అన్నారు. నాకు సంతోషమనిపించింది. ఆ సంతోషంలో దాచుకున్నాను.”

ఆయన విన్నాడు. భార్య మళ్ళీ చాట దగ్గరికి లాక్కుంది. నేను తెచ్చిన పళ్ళ సంచీ మంచం కోడు దగ్గర అలాగే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు.

“పొద్దువోతంది మేడం, ఇగ పోండ్రి” అన్నాడు.